కొలువులో రాగి చేను

దసరాకి బొమ్మల కొలువు పెట్టే మా ఇంట్లో కొలువు మెట్ల కింద చిన్న పొలం కూడా ఉంటుంది. వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో మట్టి పోసి, అమావాస్యనాడు రాగులు చల్లి, తడిగుడ్డ కప్పి నీళ్ళు చిలకరిస్తూ ఉంటే, కొలువు సగానికి వచ్చేసరికి పచ్చటి నారుమడి తయారవుతుంది. దాని గట్టు మీద కొయ్య ఎద్దుల్ని, కొయ్య రైతుని నిలబెడతాం. కొందరు ఆవాలు చల్లుతారు. ఆవాల మొక్క నడుం వాల్చేస్తుందని, రాగి మొక్కయితే వరినారులా నిటారుగా నిలబడుతుందని మా ఇంట్లో ఎప్పుడూ రాగులే. చిన్నప్పటినుంచీ ఆ పొలం పని మా అమ్మాయిది. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు.

ఆ యేడు మా అమ్మాయి గదిలోంచి బయటికి రావడం లేదు.

ఇంటర్ రెండో సంవత్సరం. విజయవాడలో హాస్టల్లో ఉంచి చదివిస్తున్నాం. ఒకరోజు అక్కణ్ణుంచి ఫోన్ వచ్చింది. పరీక్ష హాల్లో చివరిదాకా కూర్చుని, పేపరు మీద ఒక్క అక్షరం పెట్టకుండా ఇచ్చేసిందట. ఎవరితోనూ మాట్లాడటం లేదట. వచ్చి తీసుకెళ్ళమన్నారు. నందిగామ తీసుకొచ్చాం. వచ్చింది వచ్చినట్టే గోడవైపు తిరిగి పడుకుంది. నోట్లో పెడితే నాలుగు ముద్దలు తినేది. పిలిస్తే పలికేది కాదు. డాక్టరు మందులు రాసి, "టైం పడుతుందమ్మా, తొందరపెట్టకండి" అన్నాడు. తొందరపడకుండా ఉండటం ఎలాగో మాత్రం ఆ చీటీలో రాయలేదు.

గది తలుపుకి లోపలి గడియ ఊడదీయించాను. ఎందుకని మా ఆయన అడగలేదు. ఆయనది ఎరువులు, పురుగుమందుల కొట్టు. కొట్లోంచి ఏ డబ్బా ఇంటికి తేవద్దని చెప్పినప్పుడూ అడగలేదు. ఇద్దరిదీ ఒకటే భయం. దాన్ని పైకి అనడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

నేను కుదురుగా కూర్చునే మనిషిని కాదు. కష్టమొస్తే ఏదో ఒకటి చేసెయ్యాలి నాకు. నీరసంగా ఉందని రోజూ రాగిజావ కాచాను. కనిపించిన దేవుడికల్లా మొక్కాను. వంటింట్లోంచి హాల్లోకి వెళ్ళినప్పుడల్లా ఆ గదిలోకి తొంగిచూశాను. హాల్లో పని లేకపోయినా వెళ్ళాను. చూస్తూ నిలబడితే కాసేపటికి దుప్పటి కదిలేది. హమ్మయ్య అనుకుని వచ్చేదాన్ని. పొయ్యి దగ్గరికి వచ్చేలోపే మళ్ళీ అనుమానం.

భాద్రపదం వెళ్ళిపోతుండగా కొలువు గుర్తొచ్చింది. కిందటేడు పిల్ల హాస్టల్లో ఉందని పెట్టలేదు. పెడితే వస్తుంది, పొలం కోసమైనా లేస్తుంది అనిపించింది. ఇక ఆగలేకపోయాను. బొమ్మల పెట్టె జగ్గయ్యపేటలో మా అమ్మ దగ్గరుంటుంది. బస్సెక్కి వెళ్ళాను.

"ఇంట్లో పిల్ల అట్లా పడుంటే కొలువేందే?" అంది మా అమ్మ.

"అందుకేనమ్మా. పెట్టె ఇయ్యి."

నా మొహం చూసి పెట్టె కిందికి దించింది. తాతగారి పాత పంచెల్లో చుట్టి, మధ్యలో ఎండు వేపాకు వేసి ఉన్న బొమ్మల్ని ఒక్కొక్కటే సరిచూసి ఇచ్చింది. ముక్కు మీద రంగు పోయిన శెట్టిగారూ, శెట్టెమ్మా ముందు బుల్లి కొట్టు పెట్టుకుని అలాగే కులాసాగా కూర్చుని ఉన్నారు. మా పుట్టింటివాళ్ళది కిరాణా వ్యాపారం కాబట్టి మా కొలువులో ముందు కూర్చునేది వాళ్ళే. వచ్చేటప్పుడు ఆటో మాట్లాడుకున్నాను. చిల్లకల్లు దాటాక వాగు పక్కన రెల్లు తెల్లగా పూసి ఉంటే ఆపించి చేతికందినంత కోశాను. పత్తి చేలో ఉన్న ఆవిణ్ణి అడిగి, పగిలిన కాయలతో నాలుగు కొమ్మలు తీసుకున్నాను. ఆటో అతను నన్ను అద్దంలోంచి అదోలా చూశాడు. చూడనీ అనుకున్నాను.

పెట్టెలూ బల్లలూ మెట్లుగా పేర్చి నా పెళ్ళి చీర పరిచాను. అమ్మమ్మనాటి ఇత్తడి చెంబుల్లో రెల్లుపూలు నిలబెట్టాను. పత్తికొమ్మలు వెనక మబ్బుల్లా కట్టాను. పెరట్లో బంతిపూలన్నీ కోసి గుమ్మానికీ కిటికీలకీ మామిడాకుల మధ్య గుచ్చాను. ఇల్లు కళకళలాడింది, నా మొహం తప్ప. అమావాస్యనాడు పెరటి నల్లమట్టి జల్లించి పళ్ళెంలో పోసుకుని, గది గుమ్మంలో నిలబడ్డాను.

"అమ్మలూ, పొలం వేస్తున్నా. వచ్చి గింజలు చల్లవా?"

తల తిప్పలేదు. వంటింట్లోకి వెళ్ళి, చేతికందిన డబ్బాలోంచి రాగులు తీసి నేనే చల్లాను. చల్లుతూ ఒక పిచ్చి లెక్క పెట్టుకున్నాను. ఇవి మొలిస్తే నా పిల్ల లేస్తుంది. ఆ క్షణం నుంచి నాకు ఇంకో కాపలా కూడా తయారైంది. అటు దుప్పటి, ఇటు తడిగుడ్డ.

మూడో నాటికి తెల్లటి మొన కనిపించాలి. కనిపించలేదు. నీళ్ళు చాల్లేదేమో అని ఇంకాస్త పోశాను. ఎక్కువయ్యాయేమో అని ఎండలో పెట్టాను. సాయంత్రాలు పేరంటానికి వచ్చినవాళ్ళు బొమ్మల్ని మెచ్చుకుని, పళ్ళెం వైపు చూసి, "పైరు రాలేదేంటండీ?" అనేవాళ్ళు. ఆ వెంటనే, "అమ్మాయి కనపడదేం?" అనేవాళ్ళు. రెండింటికీ కలిపి ఒకటే నవ్వు నవ్వి శనగలు పెట్టి పంపేదాన్ని. వాళ్ళు గేటు దాటగానే గుడ్డ ఎత్తి చూసేదాన్ని. నల్లటి మట్టి. ఒకరోజు తట్టుకోలేక శెట్టిగారి మీద విరుచుకుపడ్డాను.

"ఇంత కొట్టు పెట్టుకుని కూర్చున్నావ్, మొలిచే గింజ ఒక్కటి లేదా నీ దగ్గర?"

ఆయన పొట్ట మీద చెయ్యి వేసుకుని చూస్తున్నాడు. నేను మెట్టు మీద తల ఆనించి ఏడ్చాను. నా పిల్ల ఇక లేవదని ఆ రోజు నిజంగానే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అక్కడే పీట వేసుకుని కూర్చుని బంతిపూలు గుచ్చుతున్నాను. వెనక నుంచి మాట వినిపించింది.

"ఏంటమ్మా ఈ కంపు?"

చేతిలో సూది అలాగే ఉండిపోయింది. ఓరకంట చూశాను. జుట్టంతా చిక్కులు పడి, గోడ పట్టుకుని నిలబడింది మా అమ్మాయి. పూర్తిగా తిరిగి చూస్తే మళ్ళీ గదిలోకి వెళ్ళిపోతుందేమో అని భయం. అది మెల్లగా వచ్చి పళ్ళెం దగ్గర కూర్చుంది. గుడ్డ తీసి మట్టిలో వేలు పెట్టి, ఒక గింజ తీసి, నలిపి వాసన చూసింది.

"వేయించినవమ్మా ఇవి. పులిసిపోయాయి. ఏ డబ్బాలోంచి తీశావ్?"

అప్పుడు వెలిగింది నాకు. దాని జావ కోసమే దోరగా వేయించి, పిండిమరకి పంపడానికి పెట్టిన రాగులవి. దానికి బలం రావాలని వేయించిన గింజల్నే మొలవమని అన్నాళ్ళూ బతిమాలాను.

"ఇంకో రెండ్రోజులు చూద్దాం అమ్మలూ," అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట ఉండదని తెలుసు. దాన్ని అక్కడే కూర్చోబెట్టాలని అన్నానంతే.

"వేయించినవి ఎట్లా వస్తాయి? నువ్వు రోజుకి పదిసార్లు గుడ్డ ఎత్తి చూసినా రావు." నలిపిన గింజని మట్టిలో పారేసింది. "నన్నూ అట్లాగే చూస్తున్నావ్."

"చూడక ఏం చెయ్యనే?" అన్నాను.

"దుప్పటి నీ కోసమే కదుపుతున్నానమ్మా. కదిపితేగానీ వెళ్ళవని. నిద్రపట్టబోతుంటే నీ అడుగులు వినపడతాయి. మళ్ళీ కదపాలి."

ఊపిరి ఆడుతోందని నేను ధైర్యం తెచ్చుకున్న ప్రతిసారీ, ఆ ధైర్యం నా పిల్ల నాకు పెట్టిన భిక్ష.

"పచ్చి రాగులున్నాయా?" అని అడిగింది. వంటింటి అరవైపు చూపించాను. డబ్బా చంకన పెట్టుకుని, పళ్ళెం రెండు చేతులా ఎత్తుకుంది. సాయం పట్టబోయాను.

"నువ్వు రాకు," అని పెరట్లోకి వెళ్ళిపోయింది.

పండగ ఇక రెండు రోజులే ఉంది. బొమ్మలు పెట్టెలోకి వెళ్ళేలోపు ఏ గింజా మొలవదు. ఆ సంగతి దానికీ తెలుసు. పెరట్లోంచి మట్టి తిరగేస్తున్న చప్పుడు వచ్చింది. తర్వాత మగ్గుతో నీళ్ళు ముంచిన చప్పుడు. ఆ తర్వాత అన్నీ ఆగిపోయాయి. చాలాసేపు ఏమీ వినపడలేదు. కాళ్ళు అటే లాగుతున్నాయి. కిటికీ దగ్గరికి రెండడుగులు వేస్తే కనిపిస్తుంది. పీట అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, చూడకుండా కూర్చున్నాను.