పరుపుల రసూల్ పగటి కలలు

మా ఊరి దూదేకుల నబీ రసూల్‌కు ఒకే ఒక్క అలవాటు. ఎవరికి పరుపు కుట్టినా, ఇచ్చే ముందు మధ్యాహ్నం అన్నం తిని దాని మీద గంటసేపు పడుకోవాలి. పడుకుంటే కల రావాలి. ఆ పరుపు గలవాళ్ల ఇంట్లో చనిపోయినవాళ్లు ఎవరో ఒకరు ఆ కలలోకి వచ్చి మాట్లాడాలి. పరుపుతో పాటు ఆ కలను కూడా మోసుకొచ్చి గుమ్మంలో అప్పజెప్పేవాడు. కలకు వేరే కూలి లేదు.

పడుకోవడం కూడా పనేనని ఆయన వాదన. దూదిలో ఒక్క గింజ మిగిలినా చేతికి తెలియదట, వీపుకే తెలుస్తుందట.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఉంది మా ఊరు. నేను పంచాయతీ గుమాస్తాను. ఆఫీసుకు ఎదురుగానే ఆయన ఇంటి పంచ. ఏకిన దూది గాలిలో తేలుతూ కిటికీలోంచి వచ్చి మా రిజిస్టర్ల మీద నెమ్మదిగా వాలేది. దూదేకే విల్లు మోత ఆగిందంటే రసూల్ మామ పడుకున్నాడని అర్థం. ఇక వీధి వీధంతా ఎండలో జోగుతున్నట్టుండేది. నా కళ్లూ మూతలు పడేవి. కానీ నా కలలోకి తాసిల్దారు తప్ప ఇంకెవరూ వచ్చిన పాపాన పోలేదు.

కొట్టు గురవయ్యశెట్టి పరుపు మీద మామ పడుకున్న రోజున, చనిపోయిన శెట్టి తల్లి వచ్చిందట. కోడలి దగ్గుకు పైలోకంలో తనకు నిద్ర కరువైందనీ, దాన్ని జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపొమ్మనీ చెప్పిందట. అప్పటిదాకా పెళ్లానికి పసుపు పాలతో సరిపెడుతున్న శెట్టి హడలిపోయి బండి కట్టించాడు. ఆమె కోలుకుంది. అప్పటి నుంచి మామ కలకు మా ఊళ్లో సర్కారు ఉత్తర్వును మించిన విలువ వచ్చింది.

కర్నూలు రాజధానిగా మన రాష్ట్రం వచ్చి రెండేళ్లయింది. ఊరి మొదట్లో నాపరాళ్లతో కట్టిన పశువుల నీటితొట్టి మీద మాత్రం ఇంకా వార్డెల్ దొర పేరే ఉంది. పెద్ద కరువులో ఆ తొట్టి కట్టించి ప్రాణాలు నిలబెట్టాడని కొందరంటారు. ప్రాణాలు తీశాడని కొందరంటారు. రెండూ నిజమే. ప్రెసిడెంటు ఓబుళరెడ్డి ఆ పేరు తీసేద్దామన్నప్పుడు అందరూ సంతోషించారు. దాని బదులు, అప్పట్లో మునసబుగా ఉన్న తన జేజినాయన, అంటే తాత, బాలకొండారెడ్డి పేరు పెడదామన్నప్పుడు అందరూ నేల చూశారు. తీర్మానం రాసింది నేనే. అక్షరాలు గుండ్రంగా వచ్చాయని రెడ్డి మెచ్చుకుంటే సంతోషపడ్డాను కూడా. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మరునాడు గొర్రెల సుంకులమ్మ ఆఫీసుకు వచ్చింది. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. ఆమె గొర్రెలు ఆ తొట్టిలో నీళ్లు తాగవు. తాగనివ్వదు. మైలు దూరంలో ఉన్న వంకకు తోలుకుపోతుంది. ఆమె జేజినాయన రంగన్న ఆ కరువు పనిలోనే రాళ్లు మోశాడు. కూలి జొన్నలు తక్కువ కొలుస్తున్నారని అడిగినందుకు, తొట్టి పక్కన గుంజకు ఎండలో కట్టేశారు. మూడో రోజు పోయాడు. కట్టమన్నది దొర. కట్టింది మునసబు.

"కట్టమన్నోని పేరు తీసి కట్టినోని పేరు రాస్తాండారా సామీ? వంక ఎండిపోయింది. ఇంగ నా గొర్రెల్ని యాడికి తోలుకుపోవల్ల?" అంది. రాసి పెడతానన్నాను. రాశాను. రెడ్డి ఆ కాగితం మడిచి బల్ల కాలి కింద పెట్టాడు. బల్ల కదలడం మానేసింది, అంతే.

ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఎదురు పంచలో విల్లు మోత వినిపించలేదు.

దేవుడి దయవల్ల అదే వారం రెడ్డికి కుడి భుజం పట్టేసింది. పరుపు గట్టిపడిందని, ఏకి కుట్టమని మామకు పంపాడు. అది బాలకొండారెడ్డి కాలం నాటి పరుపు. శనివారం సభలో, ఏడుగురు మెంబర్ల ముందు, మామ పరుపును భుజాన మోసుకొచ్చి దించాడు.

"మీ జేజినాయన వచ్చినాడు రెడ్డీ," అన్నాడు. "దొర గూడా వచ్చినాడు."

దొరకు తెలుగు ఎప్పుడొచ్చిందని ఒక మెంబరు అడిగాడు.

"సచ్చినాక శానా తీరిక గదప్పా. నేర్చుకున్నాడు."

అందరూ నవ్వారు. రెడ్డి నవ్వలేదు. జేజినాయన ఏమన్నాడని అడిగాడు.

"ఆ రాయి మింద తన పేరొద్దంటాండాడు. వచ్చేపోయే గొడ్డుగోదా మూతి పెట్టే కాడ, రంగన్న మొగం చూడల్లంటే సిగ్గుగా ఉందంట. తాడు బిగించిన చెయ్యి ఇంగా నొప్పి పెడతాందంట."

రెడ్డి కుడి భుజం పట్టుకున్నాడు. కిటికీలోంచి వచ్చిన దూది ఒకటి బల్ల మీద తిరిగి తిరిగి ఆగింది. చివరికి నా వైపు చూడకుండానే, "మా జేజి పోయేముందు ఈ మాటే చెప్పింది నాకు. రంగన్నను కట్టేసిన రోజు నుంచి జేజినాయన కుడిచేత్తో సంగటి ముద్ద తినలేదంట. రంగన్న పేరు రాయి," అన్నాడు.

ఈసారి అక్షరాలు వంకరగా వచ్చాయి. రెడ్డి వాటి కిందే సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం నేను మామ ఇంటికి పోయి, ఆయన భార్య షరీఫాతో మామ కలలు ఎంత గొప్పవో చెప్పబోయాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కొత్త దూది మీద పడుకుంటే ఆయనకు తుమ్ములే తప్ప నిద్ర రాదట. తువ్వాలు కప్పుకుని, కళ్లు తెరుచుకుని, ఎవరింటికి ఏ మాట చేరాలా అని ఆలోచిస్తూ ఉంటాడట. "పెండ్లైన కాడ్నుంచి ఆయనకు ఒక్క కల రాలే. కల అంటే ఎట్లుంటాదని నన్నే అడుగుతాంటాడు," అంది.

రంగన్న పేరు చెక్కిన రోజున సుంకులమ్మ గొర్రెలతో వచ్చి దూరంగా నిలబడింది. నేను చదివి వినిపించాను. ఆమె రాయిని చూడలేదు, మామ దగ్గరికి వచ్చింది.

"రసూలూ, మా జేజినాయన గూడా అగుపడినాడా? నేను పుట్టకముందే పాయె. ఎట్లుండాడు?"

ఏ పరుపూ లేకుండా అడిగిన కల అది. మామ మొట్టమొదటిసారి తడబడ్డాడు. నా వైపు చూశాడు. తర్వాత ఆమె ముఖంలోకి తీరిగ్గా చూశాడు.

"ముక్కు నీదేనక్కా," అన్నాడు. "నవ్వితే గూడా నీ మాదిరే, ఎడమపక్క సొట్ట పడతాది. నువ్వు నవ్వితే చూసుకో."

సుంకులమ్మ ముక్కు తడుముకుంది. తొట్టి మీదికి వంగి నీళ్లలో చూసుకుని, నవ్వి చూసింది. ఈలోగా గొర్రెలు తోసుకుంటూ వచ్చి మూతులు పెట్టి ఆ నీడను చెరిపేశాయి. ఆమె వాటిని అదిలించలేదు, అవి తాగేదాకా పక్కనే కూర్చుంది.