దండ పడని పటం

వడమాలపేటలో ధనంజయను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆయన అర్జునుడే. ఏటా భారతం ఆడే రోజుల్లో, అర్జునుడు తపస్సు చేసే తపసుమాను ఎక్కేది ఆయనే మరి. తాటిమాను కొసన కూర్చుని పద్యం ఎత్తుకుని, పైనుంచి నిమ్మకాయలు విసిరితే, బిడ్డలు కావాలనుకునే ఆడవాళ్ళు కింద కొంగులు పట్టి నిలబడతారు. మిగతా రోజుల్లో ఆయనది పుత్తూరు రోడ్డు పక్కన పూలంగడి. ఆయన పూలు తెస్తాడు, భార్య కుప్పమ్మ దండలు కడుతుంది. ఆమె కట్టిన దండ వాడిపోవాలే గానీ, పువ్వు రాలదు.

పోయినేడు ఆ మాను కింద నిలబడి చూసినవాళ్ళలో ఒక సినిమా ఆయన, ఒక టీవీ సీరియల్ ఆమె ఉన్నారు. ఇద్దరూ ఒకే వారంలో ఫోన్ చేశారు. సీరియల్లో ఊరిపెద్ద వేషం, రోజూ సాయంత్రం కనబడొచ్చు. సినిమాలో హీరో తండ్రి. ఒక్క సీను మాట్లాడి చచ్చిపోవాలి, ఆ తర్వాత సినిమా అయ్యేదాకా పటమై వేలాడాలి.

ధనంజయ మనసంతా సినిమా మీదే. తిరుపతి థియేటర్లో, అంత తెర మీద, తన మొహం!

"గోడంత కనబడతానే కుప్పీ!"

"గోడమీద కనబడతావు, దండేసుకోని. మెళ్ళో తాళి పెట్టుకోని అది నేను సూడాల్నా మామా?"

"ఉత్త యాక్షనే గదే."

"మాను మీద నువ్వు చేసేది గూడా యాక్షనే. మరి ఆ నిమ్మకాయ తిని పక్కింటి మునిరత్నమ్మ కోడలు బిడ్డను కనలేదా? అది నిజమైతే ఇదీ నిజమే."

చివరికి ధనంజయ సీరియల్‌కే ఒప్పుకున్నాడు. సినిమా ఆయన మంచివాడు. "షూటింగ్ మొదలయ్యేదానికి ఇంకా ఏడాది పైనే పడుతుంది, మనసు మారితే చెప్పన్నా" అన్నాడు.

సీరియల్ బాగానే నడిచింది. బస్సులో జనం లేచి సీటిస్తున్నారు. అయినా సినిమా పోస్టరు కనబడితే ధనంజయ నడక నెమ్మదయ్యేది.

ఇంతలో మళ్ళీ భారతం వచ్చింది. సెలవడిగితే సీరియల్‌వాళ్ళు "అట్లే పోయి రా అన్నా" అన్నారు. పోయి మానెక్కి, పద్యాలు పాడి, దిగి, అలసటగా అంగడికి వచ్చేసరికి టీవీ ముందు గుంపు.

మునిరత్నమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో అర్జునా, గుండెపోటంట గదప్పా నీకు!"

టీవీలో కోడళ్ళు ఏడుస్తున్నారు. వెనక గోడమీద ఆయన పటం. పటానికి దండ.

ధనంజయకు నిజంగానే గుండె జారింది. "కుప్పీ, ఒట్టు, నాకు తెలీదే. సెలవడిగినందుకు సంపేస్తారని సెప్పనే లేదు."

కుప్పమ్మ లేచి టీవీ దగ్గరికి పోయి, కళ్ళు చికిలించి చూసింది.

"ప్లాస్టిక్ దండ!" అంది. "పూలంగడోడి పటానికి ప్లాస్టిక్ దండేస్తారా? సిగ్గుండాదా వీళ్ళకి?"

గుంపంతా గొల్లున నవ్వింది. కుప్పమ్మకూ నవ్వాగలేదు. మెళ్ళో తాళిని ఒకసారి తడిమి చూసుకుని, మొగుణ్ణి ఎగాదిగా చూసింది. దండ పడినా మనిషి ఎదురుగా చెమటలు కక్కుతూ నిలబడే ఉన్నాడు.

"ఎట్లాగూ ఒకతూరి సచ్చినావు. ఇంగ బయమేముండాది? ఆ సినిమాయనకి ఫోన్ చెయ్. దండ మాత్రం నేనే కడతానని చెప్పు."

ధనంజయ ఫోన్ తీసి నంబరు వెతుకుతున్నాడు. కుప్పమ్మ అప్పటికే చామంతుల గంప ముందుకు లాక్కుంది.

"మామా, ఆ పటం పొడుగెంతో అడుగు."