మాకు తక్కువ పుణ్యమే చాలు

మొన్న ఆదిలాబాద్‌లో పెళ్ళికి పోతుంటే, పొద్దు వాలుతుండగా అసర్ నమాజు వేళకు ఇచ్చోడలో కారు ఆపారు. మా ఆయనా కొడుకూ మసీదులోకి పోయి, చల్లటి బండల మీద తీరిగ్గా చదువుకొని వచ్చారు. నేనూ కోడలూ పంక్చర్ దుకాణం వెనుక, కారుకూ గోడకూ మధ్య దుప్పటి పరుచుకొని చదివాం. నుదురు నేలకు ఆనిస్తే డీజిల్ వాసన. "లోపల ఆడోళ్ళకు జాగ లేదంట అత్తమ్మా" అంది కోడలు, అదేదో కొత్త సంగతైనట్టు. నవ్వొచ్చింది, ఆ వెనకే కడుపు మండింది. అవ్వ గుర్తొచ్చింది.

మాది మందమర్రి. బాపుది బొగ్గుబాయిలో పని. ముస్లింలమే అయినా మా ఇంట్లో తెలుగే, కన్నతల్లిని అవ్వా, తండ్రిని బాపూ అనే పిలిచేవాళ్ళం. కాలనీలో మసీదు కట్టింది మంచి ఎండల్లో. మగవాళ్ళు బాయి దిగిపోతే పచ్చిగోడలకు నీళ్ళు కొట్టేదెవరు? ఆడవాళ్ళే. అవ్వ చంకన బిందెతో ఇమాం నిలబడే చోటిదాకా పోయి తడిపి వచ్చేది. అప్పుడు ఎవరూ వద్దనలేదు, గోడ పగిలితే నష్టం కదా మరి. స్లాబు పడి, సున్నం వేశాక మాత్రం మెట్ల దగ్గరే ఆగమన్నారు. ఇక సాయంత్రాలు జ్వరం పిల్లలను చంకనేసుకొని, నమాజు చదివి వచ్చేవాళ్ళతో పిల్లల మొహాన దువా ఊదించుకోవడానికి అన్ని కులాల ఆడవాళ్ళూ అక్కడ నిలబడేవాళ్ళు. అవ్వ కూడా ఆ గుంపులో ఒకతె అయింది.

ఒక రంజాన్‌లో ఆ మెట్ల మీదే మసీదు పెద్దమనిషిని ఆపింది. "చాచా, వెనక మూలకు జర ఓ పర్దా కట్టియ్యండ్రి. మేం గూడ చదువుకుంటం."

ఆయన చెడ్డవాడేమీ కాదు, మెత్తగానే చెప్పాడు. "ఆడోళ్ళు ఇంట్ల చదివితేనే పుణ్యం ఎక్కువ బిడ్డా."

"గట్లయితే గా ఎక్కువ పుణ్యం మీరే ఉంచుకోండ్రి. మాకు తక్కువదే ఇయ్యండ్రి."

అందరూ నవ్వారు. పర్దా మాత్రం కట్టలేదు. అవ్వ ఏటా రంజాన్‌కు అడుగుతూనే ఉండేది, వాళ్ళు ఏటా నవ్వుతూనే ఉండేవాళ్ళు. ఆ నవ్వులను నేను ఇప్పటికీ క్షమించలేదు.

అవ్వ పోయినప్పుడు సాగనంపే జనాజా నమాజు ఆ మసీదు ఆవరణలోనే చదివారు. ఆడవాళ్ళం ఇంటి గడప దగ్గరే ఆగిపోయాం. తమ్ముడు తిరిగొచ్చి, నన్ను ఓదార్చడానికే పాపం, "అవ్వను ఇమాం సాబ్ ముంగట్నే పెట్టినం అక్కా, అందరికన్నా ముంగట" అన్నాడు. బతికినన్నాళ్ళూ వెనక మూల అడిగిన మనిషికి చచ్చాక ముందు వరుస దొరికింది.

కాలం అన్నీ మారుస్తుందంటారు. అవ్వ కాలంలో మెట్లు, నా కాలంలో పంక్చర్ దుకాణం. కోడలు దుప్పటి దులిపి, మాపటి నమాజుకు ఏ ఊళ్ళో పరవాల్సొస్తుందోనని చేతికందేట్టు సీటు మీదే పెట్టుకుంది.