అత్త ఏరిన జొన్నలు

నా చిన్నప్పుడు నాకు అసహ్యం ఎక్కువ. మజ్జిగలో వెంట్రుక కనబడితే ఆ పూట అన్నం ముట్టేదాన్ని కాదు. పశువుల కొట్టం దాటాలంటే ముక్కు మూసుకుని పరుగెత్తేదాన్ని. "గీ పోరిని యే రాజుకిస్తరో ఏమో" అని మా నాయనమ్మ నవ్వేది. ఇప్పుడు ఎనభై దాటాను. అసహ్యం తగ్గలేదు. అయితే దేన్ని చూసి అసహ్యపడాలో ఒక కోతల పండుగ నాడు మా నాయనమ్మే నేర్పింది.

నారాయణఖేడ్‌లో మా లూథరన్ సంఘం చాలా చిన్నది. మట్టిగోడల గుడి, లోపల ఒక బల్ల, కూర్చోవడానికి ఈతచాపలు. మాలో నాలుగెకరాలున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది, మిగతా అందరూ కూలికి పోయేవాళ్ళే. అయినా ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న ముంత ఉండేది. విసరడానికి జొన్నలు తీసిన ప్రతిసారీ ఆడవాళ్ళు ముందు ఒక గుప్పెడు ఆ ముంతలో వేసేవాళ్ళు. అది దేవుని గుప్పెడు. ఆదివారం ముంతలన్నీ తెచ్చి గుడి వెనక చీకటి గదిలో ఉన్న పెద్ద కాగులో కుమ్మరించేవాళ్ళు. కంగ్టి ఊరికి పోయే బాటలో, వాగు అవతల, పెద్దరోగం, అంటే కుష్ఠు, వచ్చినవాళ్ళ గుడిసెలుండేవి. కాగులోని గింజలు వాళ్ళకు.

ఇది కాక ఏడాదికొకసారి జొన్న కోతలయ్యాక కోతల పండుగ వచ్చేది. ఆ రోజు ఇంటింటివాళ్ళూ కొత్త గింజలు గంపలకెత్తుకుని వచ్చి బల్ల ముందు పెట్టేవాళ్ళు. వాటిని బండి మీద జహీరాబాదు పంపి అమ్మేవాళ్ళు. ఆ పైకం సముద్రం అవతలి పిల్లలకు వెళ్ళేది. పెద్ద యుద్ధం అప్పుడే ముగిసింది. అక్కడ పసిపిల్లలు ఆలుగడ్డ తొక్కలు ఏరుకుని తింటున్నారని మా పాస్టరు, అంటే మేమందరం అయ్యగారు అని పిలిచే మనిషి, గుడిలో చెబితే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు.

కాగులోని గింజలను నెలకోసారి గుడిసెలకు మోసుకెళ్ళేది మా నాయనమ్మ. ఆ పని ఆమెకెవరూ అప్పగించలేదు. ఆ గుడిసెల్లోనే మా మేనత్త ఉండేది, నాయనమ్మ కడగొట్టు బిడ్డ. పెళ్ళయిన కొత్తలోనే చేతి మీద మచ్చ లేచిందట. అత్తవారు తెచ్చి దింపిపోయారు, మావాళ్ళు తీసుకెళ్ళి వాగు దాటించారు. ఆమె పేరెత్తితే మా ఇంట్లో మగవాళ్ళు లేచి బయటికి పోయేవాళ్ళు.

నాయనమ్మ వెంట నేనూ వెళ్ళేదాన్ని. దూరంగా రాయి మీద కూర్చునేదాన్ని. ఒకసారి అత్త ఆ జొన్నలను ఎండలో చేటలో పోసింది. ఛీ, ఇప్పుడు రాస్తుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. గింజలు కదులుతున్నాయి. నల్లటి పురుగులు చేట అంచెక్కి కింద పడుతున్నాయి. గింజకు గింజ అతుక్కుని బూజు గూళ్ళు కట్టాయి. ముక్కిన కంపు నేను కూర్చున్న రాయి దాకా వచ్చింది. వాంతి వచ్చినంత పనైంది నాకు.

"గివి ఎట్ల తింటరత్తా?" అని అరిచాను.

"పుర్వులకు గూడ ఆకలైతది గద బిడ్డా" అని నవ్వింది అత్త.

నవ్వుతూనే ఏరసాగింది. వేళ్ళకు స్పర్శ లేదు, పురుగు తగిలినా తెలియదు. అందుకని చేటను వెలుతురుకు తిప్పుకుని కళ్ళతోనే ఏరేది. చెరిగి, ఏరి, మళ్ళీ చెరిగి, మంచి గింజల్లోంచి మొదట ఒక గుప్పెడు తీసి, నీలి గుడ్డతో మూతి కట్టిన కుండలో వేసింది. అదేమిటని అడిగాను. సముద్రం అవతలి పిల్లలకట. కోతల పండుగకు ఆ కుండ బల్ల ముందు పెట్టించాలట. నాయనమ్మ చెప్పిన ఆలుగడ్డ తొక్కల సంగతి ఆమె మనసులో నాటుకుపోయింది.

"మనకు జొన్నలన్న ఉన్నయి. గా పోరగాండ్లకు గవి గూడ లెవ్వు" అంది.

కాగులోకి పురుగు గింజలు ఎలా వచ్చాయంటారా? ముంతలో వేసే గుప్పెడును ఎవరూ చూడరు. కోతల పండుగ గంపను ఊరంతా చూస్తుంది. గంపలో ముత్యాల్లాంటి జొన్నలు, ముంతలో గాదె అడుగున మిగిలిన ముక్కిపోయిన గింజలు. అంతే సంగతి. ఇదే జనం, అంతకు ముందు ఏడాది దొరల దేశం నుంచి బీదలకని ఒక పాత బట్టల పెట్టె వస్తే ఎంత రభస చేశారో! గుండీలు ఊడిన కోట్లు, చెమట మరకల చొక్కాలు, జత లేని మేజోళ్ళు. మా సంఘపెద్ద ఒక కోటును కట్టెతో పైకెత్తి చూపించి, "పారేసేటియి మనకు పంపి పుణ్యం కొంటుండ్రు, సిగ్గులేదు" అని ఉమ్మేశాడు. అందరూ ఔనౌనన్నారు. అప్పుడు అతని ఇంట్లోని ముంతను ఎవరైనా వెలుతురులోకి తెచ్చి ఉంటే బాగుండేది.

పండుగ దగ్గరపడ్డాక నాయనమ్మ ఆ సంఘపెద్ద ఇంటికి వెళ్ళింది. నేను కొంగు పట్టుకుని ఉన్నాను. బిడ్డ కుండను కూడా గంపలతో పాటు పెట్టనిమ్మని అడిగింది. నాయనమ్మ ఎవరినీ బతిమాలే మనిషి కాదు, ఆ రోజు బతిమాలింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా? పెద్దరోగపోళ్ళు పిసికిన గింజలు బల్ల మీద పెడ్తవా? జనమంత పరేషానైతరు. థూ!"

నాయనమ్మ గడప దిగింది. తిరిగి వచ్చేటప్పుడు నా చేయి పట్టుకుంది, ఆ పట్టుకు నా వేళ్ళు నొప్పి పుట్టాయి.

పండుగ విందు వండడం ప్రతి ఏడూ ఆమె పనే. తెల్లవారగానే విసుర్రాయి ముందు కూర్చుంది. పక్కన అత్త దగ్గర్నుంచి తెచ్చిన నీలి గుడ్డ కుండ ఉంది. అందులోంచి సగం జొన్నలు తీసి, కడిగి, ఆరబోసి, రవ్వగా విసిరింది. నేను నోరు తెరిచి చూస్తుంటే, "పొయ్యి మీద కుతకుత ఉడికినంక రోగమేడుంటదే? నోరు మూసుకోని పుల్లలెయ్యి" అంది. రోగం అంటుకోదని దవాఖాన దొరసాని కూడా చెప్పిందట. ఊళ్ళో ఎవరు నమ్ముతారు?

ఆరాధన అయ్యాక గుడి ముందు మోదుగాకు విస్తర్లు వేశారు. జొన్నరవ్వతో వండిన గట్క, పప్పు, పచ్చిపులుసు. నా విస్తరిలో గట్క పడగానే చేయి వెనక్కి తీసుకున్నాను. అత్త వంకర వేళ్ళు కళ్ళ ముందు కదిలాయి. నాయనమ్మ దూరం నుంచి నన్నే చూస్తోంది. కళ్ళు మూసుకుని ఒక ముద్ద మింగాను. గట్క కమ్మగా ఉంది. ఇంకో ముద్ద కళ్ళు తెరిచే తిన్నాను. అందరూ తిన్నారు. సంఘపెద్ద అయితే రెండోసారి పెట్టించుకున్నాడు.

"ఇంకింత ఎయ్యి. యాడివి గీ జొన్నలు? ఒక్క రాయి లేదు, ఒక్క పొట్టు లేదు."

"మా ఇంటియే" అంది నాయనమ్మ.

తిన్నాక అందరూ గంపలకు ప్రార్థన చేయడానికి లోపల చేరారు. అప్పుడు నాయనమ్మ వెనక గదిలోంచి కాగును దొర్లించుకుంటూ తెచ్చి, గుడి నడిమధ్య చాప మీద కుమ్మరించింది. కుప్ప కదిలింది. పురుగులు నలుదిక్కులా పాకాయి, బల్ల కాళ్ళెక్కాయి, ఆడవాళ్ళు చీరలు పైకెత్తుకుని కెవ్వుమన్నారు. సంఘపెద్ద ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"గుడిసెలోళ్ళ గింజలు ఈడికెందుకు తెచ్చినవ్? వద్దని చెప్పలేదా నీకు? పెంటకుప్పల పారెయ్!"

"గివి గుడిసెలోళ్ళయి కావు" అంది నాయనమ్మ. గొంతు పెంచలేదు. "మీ ముంతలల్లకెల్లి వచ్చినయే. గీటినే నెల నెలా నా బిడ్డ తింటుంది. మీరు గిప్పుడు తిన్నయి, నువ్వు రెండోసారి అడిగి పెట్టించుకున్నయి, గవి నా బిడ్డ ఏరినయి."

తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఈ రోజుకీ అసహ్యం పుడుతుంది. వాళ్ళు ఆ పురుగుల కుప్పను చూసి సిగ్గుపడలేదు. తిన్నదాన్ని తలుచుకుని గోడ చాటుకు పరుగెత్తారు. సంఘపెద్ద గొంతులో వేళ్ళు పెట్టుకుని మరీ కక్కాడు. అతని భార్య నాలుకను కొంగుతో గీకి గీకి తుడుచుకుంది. ఎవరో వేపాకు తెమ్మని అరిచారు. ఛీ, ఏం మనుషులు! ఒక్కో గింజను ఎండలో చూసి ఏరి పంపిన తిండిని కక్కి, తాము వేసిన పురుగుల పక్కనుంచి దర్జాగా నడిచి ఇళ్ళకు పోయారు.

అయ్యగారు మాత్రం కదల్లేదు. ఆయన ముఖం పాలిపోయింది. ఆ కాగు ఆయన గుడి వెనకే ఉండేది, ఆయన ఎప్పుడూ మూత తీసి చూసిన పాపాన పోలేదు. అందరూ పోయాక లేచి, వంట దగ్గర మిగిలి ఉన్న నీలి గుడ్డ కుండను తెచ్చి, రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టి ప్రార్థన చేశాడు. మర్నాడు జహీరాబాదు బండిలో తన చేత్తోనే దాన్ని గంపల మధ్య సర్ది కట్టాడు. ఆ తర్వాత ముంతల్లో మంచి గింజలే వచ్చాయి. ప్రేమ పుట్టి కాదు, ఈ ముసలిది మళ్ళీ ఎప్పుడు ఏం వండి పెడుతుందోనన్న భయంతో. భయంతో ఇచ్చినా గింజ గింజే అనేది నాయనమ్మ. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను.

ఆ సాయంత్రం మేం వాగు దగ్గరికి వెళ్ళేసరికి అత్త అవతలి ఒడ్డున నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉందట. నాయనమ్మ నీళ్ళ అంచున ఆగిపోయింది. అత్త నన్నే అడిగింది.

"నా జొన్నలు బల్ల మీద పెట్టనిచ్చిన్రా బిడ్డా? ముట్టిన్రా?"

"ముట్టుడేంది అత్తా, తిన్నరు. కమ్మగున్నయని మల్లడిగి పెట్టించుకున్నరు. సగం నీ కుండల్నే బల్ల మీదున్నయి, పొద్దుగాల బండెక్కుతయి" అన్నాను. మిగతాది చెప్పలేదు. అత్త వంకర చేతులతో ముఖం కప్పుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. కొంచెంసేపటికి అది నవ్వు కాదని నాకు అర్థమైంది. నేను మొదటిసారి రాయి మీద కూర్చోకుండా, వాగు దాటి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను.

నా పొయ్యి దగ్గర ఇప్పటికీ ముంత ఉంది. ఇప్పుడు అందులో పడేవి బియ్యం. గుప్పెడు తీసే ముందు చేటలో పోసుకుని కిటికీ దగ్గరికి వెళ్తాను. చూపు మందగించిందని, ఆ పని తను చేస్తానని మనవరాలు చేట లాక్కోబోతుంది, ఇవ్వను. నా వేళ్ళకు స్పర్శ బాగానే ఉంది. అయినా అత్తలాగే వెలుతురుకు తిప్పుకుని కళ్ళతోనే ఏరతాను.