నోట్లో గుండుసూదులు

మా వదిన బట్టలు కుడుతుంది. పొద్దున్న లేచింది మొదలు పెదాల మధ్య గుండుసూదులు ఉండాల్సిందే. "ఊఁ", "ఊహూఁ"లతోనే కొట్టు నడిపేస్తుంది. మాట పొదుపు మనిషని అందరూ మెచ్చుకునేవాళ్ళు. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆవిడ పళ్ళు పచ్చగా, పెచ్చులూడి ఉంటాయి. చల్లటి నీళ్ళు తగిలితే ప్రాణం జివ్వుమంటుంది. అన్నం కూడా గోడవైపు తిరిగి తింటుంది. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది.

వదిన కూతురికి, అంటే మా మేనకోడలికి, పాలపళ్ళు ఊడి కొత్తవొచ్చాయి. అవీ అంతే. సరిగ్గా తోముకోదని మా అమ్మ సాధింపు. ఆ పిచ్చిపిల్ల నెత్తురొచ్చేదాకా తోమేది. నాకు ఒళ్ళు మండిపోయేది, కానీ ఒట్టాయె.

పిల్లని తీసుకుని పంటి డాక్టర్ల చుట్టూ తిరిగాం. ఒకాయన పెట్టిన సిమెంటు నెల తిరక్కుండా ఊడింది. ఇంకొకాయన తీగలు కట్టాలన్నాడు. మరొకావిడ అన్నిటికీ తొడుగులే అంది. ఎవరి గోల వారిది. ఇంతలో బడి నుంచి కబురొచ్చింది, పిల్ల నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూర్చుందని, తియ్యమన్నా తియ్యట్లేదని. వదిన కుడుతున్న బట్ట మిషను మీదే వదిలేసి బడికి పరిగెత్తింది.

ఆ వారమే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ పిల్లల పంటి డాక్టరమ్మ, తీగలు కట్టే ఆయన, తొడుగులు వేసే ఆయన ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని చూస్తారు. పాత ఎక్స్‌రేలు చూసి, పిల్ల తప్పేం లేదని, పంటి మీది పింగాణీ పొర పుట్టుకతోనే పలచగా వచ్చి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అనడిగింది. నేను నేల చూపులు చూశాను. పిల్లేమో పెదాలు బిగించేసింది. బతిమాలినా, బెదిరించినా తెరవదే! నోరు చూడందే వైద్యం ఎలా మొదలవుతుంది?

వదిన నోట్లో ఆ పూట కూడా సూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి చేతిసంచికి గుచ్చింది. తనే వెళ్ళి కుర్చీలో పడుకుని నోరు బార్లా తెరిచింది. కట్టుకున్న మా అన్నయ్య కూడా అంత దగ్గరగా చూసి ఉండడు.

పిల్ల మునివేళ్ళ మీద లేచి తొంగి చూసింది.

"నీవి కూడానా అమ్మా? మరి నాకెందుకు చెప్పలేదు?"

వదిన కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారాయి. నోరు మాత్రం మూయలేదు.

"దిగమ్మా, నా వంతు," అంది పిల్ల.

ముగ్గురూ కూడబలుక్కుని వరస తేల్చారు. ముందు దవడ పళ్ళకి తొడుగులు వేస్తారు, నమిలితే నొప్పుండదు. తర్వాత ముందు పళ్ళు, కాస్త ఎదిగాక తీగలు. ఏళ్ళు పడుతుందట, పట్టనీ. పిల్లది ఒక దారిన పడ్డాక వదినకి మొదలుపెడతారు. మొదటి రెండు విడతలూ అయ్యాక, మొన్న పిల్ల చల్లటి నీళ్ళు గటగటా తాగేసి, ఇంకో సీసా నింపి ఫ్రిజ్‌లో పెట్టింది. మా అమ్మ తీయబోతే కసిరింది. అది వాళ్ళమ్మదట, ఆవిడ తాగేదాకా ఎవరూ ముట్టుకోకూడదట.