అత్తయ్య రేడియోలో రాని మామయ్య

మా మామయ్య పొద్దున్న లేవగానే, ముఖమైనా కడుక్కోకుండా వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటాడు. కొత్తవాళ్లు చూస్తే ఫ్రిజ్‌కి జ్వరం వచ్చిందేమో అనుకుంటారు. ఆయన చూసేది శ్రుతి. ఆ ఫ్రిజ్ మోత తన బేస్ గిటారులోని సన్న తీగకన్నా ఆవగింజంత పైన ఉంటుందట. "ఇవాళ బాగానే ఉంది" అనుకున్నాకే బ్రష్షు కోసం వెతుక్కుంటాడు. ఒకసారి మెకానిక్ వచ్చి ఆ మోత పోగొట్టి వెళితే రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు మోత దానంతటదే తిరిగొచ్చింది. మామయ్యకి ఆకలి కూడా దాంతోపాటే వచ్చింది.

ముప్పై ఎనిమిదేళ్లు ఆయన రికార్డింగ్ స్టూడియోల్లో బేస్ వాయించాడు. నాలుగు లావు తీగల గిటారు అది. పాటలో మిగతావాళ్లంతా ఆడిపాడుకుంటూ ఉంటే కింద నేల జారకుండా చూసుకోవడం దాని పని. పొద్దున్నే వెళ్లాలి. ముందు ఒక స్వరాల కాగితం పెడతారు. వాయించాలి, ఇంటికి రావాలి. పాడేవాళ్లు ఆ తర్వాత ఎప్పుడో వచ్చి పాడి వెళతారు. అందుకని తాను వాయించిన పాటల్లో మాటలేమిటో ఆయనకి తెలియదు. పల్లవి చెబితే గుర్తుపట్టలేడు. ఆ రోజు స్టూడియోలో ఏం జరిగిందో దాన్నిబట్టి పాటకి పేరు పెట్టుకుంటాడు. వయొలిన్ ఆయన తుమ్మిన పాట, ఏసీ నీళ్లు కారిన పాట, కుర్చీ విరిగిన పాట. జనం కళ్లనీళ్లు పెట్టుకుని వినే ఒక విరహగీతం మా ఇంట్లో కుర్చీ విరిగిన పాట.

ఎమ్మే చదువుకోసం వాళ్లింట్లో ఉంటున్న ఈ రెండేళ్లలో నేను ఆ పాటల్ని హెడ్‌ఫోన్లు పెట్టుకుని కిందనుంచి వినడం నేర్చుకున్నాను. కుర్చీ విరిగిన పాటలో ఒకామె ప్రియుణ్ణి వెళ్లిపొమ్మంటుంది. గొంతు కోపంగా పైపైకి పోతూ ఉంటుంది. కింద మామయ్య మాత్రం ఒక్క స్వరం పట్టుకుని నిలబడి ఉంటాడు, బస్సు వెళ్లిపోయాక కూడా స్టాపులోనే నిలబడ్డ మనిషిలాగ. చరణం చివర అందరూ ఒక్కసారి కిందికి దిగుతారు, ఆయన అరక్షణం ఆలస్యంగా దిగుతాడు. ఆ అరక్షణంలోనే ఆమె వెళ్లమనడం అబద్ధమని మనకి తెలిసిపోతుంది. ఇక ఏసీ నీళ్లు కారిన పాట హాస్యగీతం. అందులో బేస్, రైలు అందుకోవాలని పరిగెత్తే లావుపాటి ఆయన. రెండేసి మెట్లు దూకుతూ వెళ్లి, చివరి మెట్టు మీద ఆగి, గొడుగు మరిచిపోయానని వెనక్కొస్తాడు.

విరహగీతంలో ఆ ఆలస్యం ఎలా తట్టిందని ఎంతో గౌరవంగా అడిగాను.

"తట్టడమేమిటమ్మాయ్! కుర్చీ కాలు విరిగింది. కిందపడకుండా గోడకి తన్నిపెట్టేసరికి ఆ స్వరం ఆలస్యమైంది. తిడతారనుకున్నాను. సంగీత దర్శకుడు అద్దం అవతలనుంచి, ఆహా, అదే ఉంచండి అన్నాడు."

"మరి మిగతా చరణాల్లో?"

"కొత్త కుర్చీ వేశారు. అయినా విరిగినట్టే వాయించాను."

ఇంత చేసిన మనిషికి జీవితంలో ఒకే ఒక కోరిక మిగిలిపోయింది. అత్తయ్య తన బేస్ ఒక్కసారి వినాలి.

అత్తయ్య దర్జీ. ముందుగది అంతా ఆవిడదే. కుట్టుమిషన్, కత్తిరించే బల్ల, చేతుల్లేని చొక్కాల గుట్టలు. మిషన్ మీద అరచేతిలో పట్టేంత రేడియో. పెళ్లయిన కొత్తలో కొన్నది. ఆవిడ పాటలన్నీ ఆ రేడియోలోనే విన్నది. దాని స్పీకరు రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దది. అందులోంచి గొంతు వస్తుంది, వేణువు వస్తుంది, బేస్ చచ్చినా రాదు.

"ఇది మీ పాటేగా? ఇందులో మీరెక్కడున్నారండీ?" అని అడిగేది.

"ఆ రేడియోలో నేను రాను."

"అదేం చోద్యం! ముప్పై ఎనిమిదేళ్లు రోజూ డ్యూటీకెళ్లొచ్చారు కదా. అందరూ వస్తున్నారు, మీరెందుకు రారు?"

"మోత పెద్ద స్పీకర్లోనే వస్తుందే."

"ఆఁ, వస్తుంది. మా చెల్లెలి మొగుడు కూడా ఆఫీసులో పని చేస్తున్నానని ఇలాగే పదేళ్లు చెప్పాడు."

ఆ మాట పడలేక ఆయన ఎప్పుడో నడుమెత్తు స్పీకరు ఒకటి తెచ్చాడు. అత్తయ్య దాన్ని నాలుగువైపులా చూసి, పైన చెయ్యి వేసి, "బాగుంది, చదునుగా ఉంది" అంది. సాయంత్రానికల్లా దానిమీద బట్టల గుట్ట వెలిసింది. ఇరవై ఏళ్లయినా ఆ గుట్ట దిగలేదు. తీసిన వెంటనే ఇంకో బడి యూనిఫారాలు వచ్చి కూర్చునేవి.

ఆయన నోటితో వినిపించడానికీ ప్రయత్నించాడు. ఒకసారి చుట్టాలంతా చేరి పాట గుర్తుపట్టే ఆట ఆడారు. ఒకరు మాటలు లేకుండా కూనిరాగం తీయాలి, మిగతావాళ్లు పాటేమిటో చెప్పాలి. మామయ్య వంతు రాగానే సర్దుకుని కూర్చుని, అత్తయ్య వంక చూస్తూ, "దుం... దుం దుం... దూఁ..." అన్నాడు. అందరికీ నోటికొచ్చిన పాటే. ఎవరూ పోల్చుకోలేకపోయారు. ఆయన కళ్లు మూసుకుని చరణంలోకి కూడా వెళ్లాడు.

"అన్నయ్యా, అజీర్తి చేసిందా?" అంది మా అమ్మ.

"జీలకర్ర నీళ్లు పెట్టమంటారా?" అంది అత్తయ్య.

ఆ తర్వాత ఆయన ఎక్కడా నోరు విప్పలేదు.

కిందటేడు అత్తయ్యకి ఎంబ్రాయిడరీ మిషన్ మీద మనసు పోయింది. పెట్టడానికి చోటు లేదు. గదంతా కొలిచి, టేపు మెడలో వేసుకుని, తీర్పు చెప్పింది. "ఆ స్పీకరు పెట్టె తీసేస్తే సరిపోతుంది. ఆదివారం పాత సామాన్లాయన్ని రమ్మన్నాను."

మామయ్య గిటారు ఒళ్లో పెట్టుకుని నాలుగు తీగలూ తుడిచాడు. తర్వాత, "తీసుకుపోనీ. పోయేముందు దాంట్లో ఒక్క పాట విను" అన్నాడు.

"ఒక్కటేగా?"

"ఒక్కటే."

ఆ వారం ఆయన నిద్రాహారాలు మానేసి పాట వెతికాడు. తుమ్మిన పాట పెడితే బేస్ మరీ తక్కువ, నీళ్లు కారిన పాట పెడితే మరీ గంతులు. "దీంట్లో నేను బాగున్నానా, ఇందులోనా?" అని పెళ్లిచూపులకి చొక్కా ఎంచుకునే కుర్రాడిలా నన్ను అడిగేవాడు. అత్తయ్య మాత్రం తన రేడియోతో పోట్లాటలో ఉంది. ఈమధ్య అది గొణుగుతోందని ఆవిడ ఫిర్యాదు. నెలలో మూడుసార్లు బ్యాటరీలు మార్పించింది. "పాడేవాళ్లలో కూడా శ్రద్ధ తగ్గిపోయింది. నోరు తెరిచి పాడరు" అనేది. నన్ను కూడా నోరు తెరిచి మాట్లాడమనేది. నేను మామూలుగానే మెల్లగా మాట్లాడతాను కాబట్టి తప్పు నాదేననుకున్నాను.

ఆదివారం వచ్చింది. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, యూనిఫారాల గుట్టని పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి మంచం మీద పెట్టాడు. స్పీకరు వైర్లు కలిపాడు.

"కాసేపు మిషన్ ఆపవే."

"ఆపితే రేపటికి ఈ నిక్కర్లు మీరు కుడతారా? నా చెవులు ఖాళీగానే ఉన్నాయి, కానివ్వండి."

కుర్చీ విరిగిన పాట మొదలైంది. గది కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. నాకు గుండెల్లో అదిరింది. అత్తయ్య నాలుగు కుట్లు వేసి ముఖం చిట్లించింది.

"పాడేది పక్కింట్లోనా? గోనెసంచి కప్పుకుని పాడుతున్నట్టుంది."

మామయ్య కంగారుగా వైర్లు సవరించాడు.

"ఊఁహూఁ. ఆవిడ గొంతే లేదు. ఆ గుమ్ గుమ్మనేదొక్కటీ వినిపిస్తోంది."

ఆయన ముఖం పాలిపోయింది. ఆ రోజు చుట్టాలకిలాగే ఆవిడకీ అది ఉత్త మోతే అయింది. ఇక చాల్లే అన్నట్టు మీట దగ్గరికి చెయ్యి వెళ్లింది.

"ఉండండి, ఆపకండి!" అంది అత్తయ్య. "ఆ గుమ్ గుమ్మనే ఆయన ఏదో చెబుతున్నాడు."

మిషన్ తొక్కే కాలు నెమ్మదించింది. చూస్తూ ఉండగానే అది పాటతో కలిసి నడవడం మొదలుపెట్టింది. చరణం చివరికి వచ్చాం. అందరూ దిగిపోయారు. బేస్ ఆగింది, అత్తయ్య కాలూ ఆగింది. అరక్షణం గాల్లో ఉండి, రెండూ కలిసి దిగాయి.

"అయ్యో రాత! ఏం మనిషండీ ఈయన, పొమ్మంటే పోడేం?" అంది. "ఎవరండీ వాయించింది?"

"నేనే."

"మీరా? మరి ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదేం?"

"రోజూ చెప్పానే!"

"చెప్పారు. వినిపించలేదుగా" అంది అత్తయ్య, ఎంతమాత్రం తగ్గకుండా. "మళ్లీ పెట్టండి."

రెండోసారి పాట సగంలో ఉండగా పాత సామాన్లాయన గుమ్మంలోకి వచ్చి, ఏది తీసుకెళ్లాలని అడిగాడు. అత్తయ్య మిషన్ మీదనుంచి రేడియో తీసి ఆయన చేతిలో పెట్టింది.

గోనెసంచి మాట మాత్రం నన్ను వదల్లేదు. రెండో రోజు పోరుపెట్టి ఆవిడని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, మామయ్య కూడా వచ్చాడు. డాక్టరు చెవులకి యంత్రాలు తగిలించి, రకరకాల కూతలు వినిపించి, గీతలున్న కాగితం ముందు పెట్టింది. వయసుతో సన్నటి శబ్దాలు ముందు పోతాయట, అత్తయ్యకి అవి చాలావరకు పోయాయి. లావు శబ్దాలకి ఢోకా లేదు, అవి చివరిదాకా ఉంటాయంది.

"అంటే చివరిదాకా మిగిలేది ఈయనేనన్నమాట" అంది అత్తయ్య.

మామయ్యకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. భార్యకి చెవులు పోయాయంటే తనకి సంతోషమేమిటని ఆటో ఎక్కుతూ తనని తాను తిట్టుకున్నాడు. ఆటో మలుపు తిరిగేలోగా కూనిరాగం మొదలుపెట్టాడు. "దుం... దుం దుం..." ఈసారి ఆవిడ జీలకర్ర నీళ్ల ఊసెత్తలేదు. "ఇది కుర్చీది కాదు కదూ, ఎందులోది?" అంది.

ఎంబ్రాయిడరీ మిషన్ కొనలేదు. యూనిఫారాల గుట్ట ఇప్పుడు అన్నాల బల్ల మీద ఉంటుంది, ముగ్గురం మంచం మీద కూర్చుని తింటాం. అత్తయ్యకి వినికిడి యంత్రం వచ్చింది. కొలతలు ఇవ్వడానికి వచ్చేవాళ్ల మాటలకోసం పగలంతా పెట్టుకుంటుంది. సాయంత్రం ఐదున్నరకి మామయ్య స్పీకరు పెట్టగానే తీసి, దారపుండల డబ్బాలో వేసి మూతపెడుతుంది.