ఒక గడి ఎడమకి

మా బావగారి అసలు పేరుతో వీధిలో ఎవరికీ పని లేదు. అందరికీ ఆయన అంగుళం మాస్టారే. కొలతలో అర అంగుళం తేడా వస్తే ఆ పూట ఆయనకి ముద్ద దిగదు. మెట్ల కింద ఉన్న ఇరుకు గదిలో ముప్ఫై ఏళ్లుగా చొక్కాలూ కోట్లూ కుడుతున్నారు. నేను ఆయన మరదలిని. ఆయన్ని ఆటపట్టించే హక్కు అక్క పెళ్లినాడే నాకు దఖలు పడింది. ఆ హక్కుని నేను ఏనాడూ వృథా చేయలేదు.

ఒక వానాకాలం మెట్ల సందుల్లోంచి నీళ్లు కారి ఆయన కొలతల పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. అప్పుడు ఒక పాత కంప్యూటర్ కొన్నారు. ఒంటి వేలితో టైపు కొడుతూ మనిషికో టెక్స్ట్ ఫైలు తయారు చేశారు. ఫైళ్లకి మనుషుల పేర్లు పెట్టలేదు. "ఎడమ భుజం వాలు", "మెట్టు మెట్టుకీ ఆయాసం", "కోటేసుకుంటే గుర్తుపట్టలేం" ఇలా ఉంటాయి. పొరపాటున ఎవరైనా స్క్రీన్ చూస్తే కొంపలు మునుగుతాయని అక్క భయం.

లోపల రాసే పద్ధతి కూడా ఆయనదే. పై వరుసలో మెడ, భుజం, చెయ్యి, ఛాతీ, నడుము, పొడవు. కింద మొదటి కొలతలు. మనిషి మళ్లీ వచ్చినప్పుడు మారిన అంకె ఒక్కటే దాని గడి కిందికి వచ్చేలా రాస్తారు. మారని చోట స్పేస్ బటన్ కొట్టుకుంటూ పోతారు, అంతే.

"మారనిది మళ్లీ రాయడం దేనికమ్మాయ్? ఖాళీ కూడా కొలతే" అనేవారు నాతో.

కిందటేడు ఒకరోజు బస్సు డ్రైవరు కొత్త చొక్కా పట్టుకుని తిరిగొచ్చాడు. ఛాతీ దగ్గర గుడారంలా ఉంది, పొట్ట దగ్గర బొత్తాం పట్టడం లేదు. బావగారు మళ్లీ కొలిచి, మళ్లీ కుట్టిచ్చారు. నాలుగు రోజులకి పూలకొట్టు ఆయన చొక్కా కూడా అచ్చం అలాగే వచ్చింది. నేను ఊరుకుంటానా?

"ఏంటి బావగారూ, మన వీధిలో మగాళ్లందర్నీ పహిల్వాన్లని చేసేస్తున్నారు?" అన్నాను.

ఆయన నవ్వలేదు. నేను ఏమన్నా నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు. టేపు సాగిపోయిందేమోనని చెక్క స్కేలు మీద పెట్టి చూసుకున్నారు. టేపు బాగానే ఉంది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. కళ్లూ బాగానే ఉన్నాయి. ఇక మిగిలింది బుర్రే అని తేల్చుకున్నారు.

"నడుము కొలిచి ఛాతీ కింద రాసుకుంటున్నానే. అలా రాసినట్టు కూడా గుర్తుండట్లేదు" అన్నారట అక్కతో. "స్కూల్లో గంట కొట్టే పెద్దాయన రిటైరవుతున్నాడు. ఆయన కోటు ఒప్పుకున్నాను కాబట్టి కుట్టిచ్చేస్తా. తర్వాత ఇంక కత్తెర పట్టను."

అక్క ఈ మాట చెబుతూ ఏడ్చింది. కత్తెర లేని బావగారిని నేను ఊహించలేను.

మర్నాడు మధ్యాహ్నం కొట్టుకి వెళ్లాను. కటింగ్ బల్ల మీద గంట పెద్దాయన కోటు గుడ్డ పరిచి ఉంది. పక్కనే కత్తెరని చుట్టి పెట్టడానికి ఒక పాత మెత్తటి గుడ్డ మడిచి ఉంది. బావగారు సుద్దముక్క చేతిలో పట్టుకుని, పెద్దాయన కొలతలున్న "మెట్టు మెట్టుకీ ఆయాసం" ఫైలు తెరిచారు. నేను ఆయన భుజం మీదుగా తొంగి చూశాను.

ఆ ఫైలు తెరుచుకున్నది నా యాప్‌లో.

నా అంటే నాదే. అప్పటికి రెండు వారాల కిందట లైబ్రరీలో ఉద్యోగానికి అర్జీ రాసుకోవాలని, అక్షరాలు అందంగా ఉంటాయని, ఒక యాప్ తెచ్చి ఆయన కంప్యూటర్లో నేనే వేశాను. అది ఏదో అడిగింది. ఏదడిగినా చదవకుండా అవును నొక్కడం నా అలవాటు. ఇకమీదట టెక్స్ట్ ఫైళ్లన్నీ నాలోనే తెరవాలా అని అడిగిందన్నమాట. పాత యాప్‌లో అంకెకీ ఖాళీకీ ఒకటే వెడల్పు. ఈ అందగత్తెలో ఖాళీ సన్నం, అంకె లావు. దాంతో ఖాళీల వెనక ఒంటరిగా ఉన్న కొత్త అంకె ఒక గడి ఎడమకి జరిగి, నడుము కొలత సరిగ్గా ఛాతీ కిందికి వచ్చి కూర్చుంది.

నిజం చెప్పొద్దూ, గుట్టుచప్పుడు కాకుండా సరిచేసేసి తప్పించుకుందామనే అనిపించింది. బావగారు టీకి లేచేదాకా ఆగితే చాలు. కానీ అంకెలు సర్దుకున్నా ఈయన మనసులో ఆ భయం అలాగే ఉండిపోతుంది కదా. కత్తెర గుడ్డలోకి వెళ్లిపోతుంది కదా.

"బావగారూ, సుద్దముక్క కింద పెట్టండి. మీ బుర్రకేం కాలేదు. తప్పు నాది" అన్నాను.

ఫైలు మీద కుడి బటన్ నొక్కి, దేనితో తెరవాలి అన్నచోట పాత యాప్‌ని ఎంచి, ఎప్పుడూ దీనితోనే అన్న గడిలో టిక్కు పెట్టాను. ఈసారి ప్రతి ముక్కా చదివి మరీ నొక్కాను. ఫైలు మళ్లీ తెరిస్తే నలభై రెండు అన్న అంకె ఛాతీ కింద నుంచి బుద్ధిగా నడుము కిందికి వెళ్లిపోయింది.

ఆయన మౌస్ అందుకున్నారు. బస్సు డ్రైవరు ఫైలు తెరిచారు. పూలకొట్టు ఫైలు తెరిచారు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"నొక్కే ముందు అది నిన్ను అడిగిందా?"

"అడిగింది."

"గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు నేను రెండుసార్లు అడుగుతానమ్మాయ్" అన్నారు. అని, చాలా రోజుల తర్వాత మొదటిసారి పకపకా నవ్వారు.

కోటు అతికినట్టు కుదిరింది. గంట పెద్దాయన అది వేసుకుని చూసుకుంటుండగా బస్సు డ్రైవరు లోపలికొచ్చాడు.

"ఏం మాస్టారూ, ఇప్పుడు కుదురుతున్నాయే! అప్పుడేమైంది?" అని అడిగాడు.

నా పని అయిపోయిందనుకుని తల దించుకున్నాను.

"పొరపాటు నాదేనండీ. చూసుకోలేదు" అన్నారు బావగారు.

వాళ్లిద్దరూ వెళ్లాక, "నిజం చెప్పేయొచ్చు కదా, మీకెందుకు ఆ మాట?" అన్నాను.

"నా బుర్ర బాగానే ఉందని నాకు తెలిసింది. చాలు. లైబ్రరీ వాళ్లు నిన్నింకా పిలవాలి కదా, చదవకుండా నొక్కుతావని వీధంతా చెప్పుకుంటే ఎలా?" అంటూ కత్తెర కోసం తీసిపెట్టిన మెత్తటి గుడ్డ నా చేతికిచ్చారు. "ఊరికే నిలబడే బదులు ఆ కంప్యూటర్ మీద దుమ్ము తుడువు. బటన్లేవీ నొక్కకు."